బఫర్ టైము

భూపేష్ కర్నూలులో ఫిజిక్సు లెక్చరరు. సింగపూరులో మూడు రోజుల టూరుకు ప్లాను తనే వేసి భార్య ముందు పెట్టాడు. పిల్లలు అలిగితే బుజ్జగించడానికి కూడా అందులో టైము ఉంది. కాలేజీలో అప్పటికే ముగ్గురు దాన్ని జిరాక్సు తీసుకున్నారు.

“సముద్రం కాడ కాసేపు కూచునేదానికి యాడా టైము పెట్టలేదేమండీ?” అంది సుప్రజ.

“ఊరికే కూచునేదానికి అంత దూరం పోవాల్నా? కాస్త రియలిస్టిక్‌గా ఆలోచించు.”

“అత్తమ్మ రాహుకాలం చూసుకోమనింది.”

“నేను సైన్సు చెప్పేవాన్ని, సుప్రజా!”

“మరి ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టు చూసేకాడ ఈ పావుగంట బఫర్ ఎందుకు?”

“ప్లానింగంటే అట్లే ఉంటాది. నీకు తెలీదులే.”

ప్రయాణం రోజు, వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోకముందే అందర్నీ కారెక్కించాడు. ట్రాఫిక్ ఉండదన్నాడు.

హైదరాబాదు ఎయిర్‌పోర్టులో వాళ్ల వంతు వచ్చింది. కౌంటర్లో ఉన్న ఆఫీసరు పాస్‌పోర్టులు తెరిచి, తలెత్తకుండానే అడిగాడు.

“ఎక్కడికి వెళ్తున్నారు?”

భూపేష్ మొహం మాడిపోయింది. “ఒక్క నిమిషం సార్” అంటూ పాస్‌పోర్టులు వెనక్కి తీసుకుని, పెళ్లాం పిల్లల్ని లైన్లోంచి బయటికి నడిపించాడు. గోడవార నేలమీదే మఠం వేసుక్కూర్చున్నాడు.

“ఏమైందండీ?”

“బయల్దేరినోళ్లను యాడికని అడిగె గదా! కూచో. ఆ నీళ్ల బాటిలియ్యి.”

సుప్రజ బాటిలిచ్చి, పక్కనే కూర్చుంది.

“ఊరికే కూచునేదానికి టైము లేదంటిరే?”

భూపేష్ రెండు గుక్కలు తాగి, వాచీ చూసుకున్నాడు.

“ఇది ఊరికే కాదు. బఫరు.”