బొట్టుబిళ్లలు పెట్టుకున్న పళ్ళేలు

ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా దీపం పళ్ళేలే. తిండిలో రోగం ఉంటే పళ్ళెం అంచున ఎర్రదీపం వెలుగుతుంది. వెలిగితే పారబోయాలి, అది చట్టం.

ఆడపిల్లల హాస్టలుకూ అవే ఇచ్చారు. పోయినేడు వాంతులు, విరేచనాలతో అక్కడ నలభై మంది ఆసుపత్రి పాలయ్యారు. ఒక పిల్ల తిరిగి రాలేదు. మురుగు కలుస్తున్న మంచినీళ్ళ పైపు మార్చమని వంటామె సాయవ్వ ఆఫీసు చుట్టూ తిరిగితే, పైపు వదిలేసి పళ్ళేలు పంపారు. ఇకమీదట వంటామె ముందుగా తిని చూడనక్కర్లేదని ఒక కాగితం కూడా పంపారు. గంటె కడిగినా, పళ్ళెం కడిగినా నేటికీ ఆ నీళ్ళే.

సోమ, మంగళవారాలు పళ్ళేలన్నీ ఎర్రగా వెలిగాయి. అన్నమంతా గోతిలో పోశారు. బదులుగా పిల్లలకు పూటకు రెండు బిస్కెట్లు ఇచ్చారు.

బుధవారం ఒక్క దీపమూ వెలగలేదు. సాయవ్వ సంబరపడింది. పప్పు వడ్డిస్తూ వంగి చూస్తే, ఏడో తరగతి అఖిల పళ్ళెం అంచున నల్ల బొట్టుబిళ్ల కనిపించింది. పక్క పళ్ళేనికీ ఉంది. వరుసంతా ఉంది.

“ఏందే ఇది?”

“ఎర్రగ కనవడితే పారబోస్తరు గదా అవ్వా,” అంది అఖిల. “రెండు దినాల సంది బిస్కెట్లే.”

సాయవ్వ ఆ బిళ్ల పీకింది. కింద ఎర్రగా వెలుగుతోంది. పిల్లలంతా ఆమె చేతినే చూస్తున్నారు.

బిళ్లను మళ్ళీ అంటించి బొటనవేలితో గట్టిగా నొక్కింది. తర్వాత తనకో పళ్ళెం తెచ్చుకుని, నుదుటి బొట్టుబిళ్ల తీసి దాని దీపానికి పెట్టి, మొదటి ముద్ద తానే తింది.