బావ సైకిలు

దిగిపోయాక గానీ తనేం చేశాడో అతనికి తెలియలేదు.

కొండ మీద బావ సైకిలు వెనక చక్రం తుస్సుమంది. బావ చెయ్యెత్తాడు. అంతే, అతను తన సైకిలు దిగి బావ చేతికి అందించేశాడు. జట్టు నాయకుడి సైకిలు ఆగితే సహాయకుడు తనది ఇచ్చెయ్యాలి. రేసుల్లో అదే పద్ధతి. ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పని కదా, బుర్రతో నిమిత్తం లేకుండా కాళ్ళూ చేతులే కానిచ్చేశాయి.

"వద్దు బామ్మర్దీ. ఈసారి నువ్వెళ్ళు," అన్నాడు బావ.

"ముచ్చట్లు తర్వాత! ముందు ఎక్కవయ్యా బాబూ!" ఇద్దరి చెవుల్లోని ఇయర్‌ఫోన్లలోనూ కోచ్ అరిచాడు. ఆయన కారు ఇంకా రెండు మలుపుల కింద ఉంది.

బావ ఎక్కాడు. అతని భుజం తట్టి, పై మలుపు తిరిగి మాయమయ్యాడు.

అతని చేతిలో ఒకటో నంబరు సైకిలు మిగిలింది. నిన్న మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరుండగా, తనొక్కడే షెడ్డులో దూరి, ఆకురాయితో బ్రేకు తీగలు రెండూ అరగదీసిన సైకిలు.

మెల్లగా నొక్కితే పడుతుంది. కొండ దిగుతూ గట్టిగా నొక్కితే పుటుక్కుమంటుంది. బావ పనీ అంతటితో సరి. అలా అనుకునే చేశాడు.

బావని క్లబ్బులో చేర్పించింది అతనే. అప్పటికింకా బావ కాదు, ఉత్త స్నేహితుడు. ఏడాది తిరక్కుండా జట్టుకి నాయకుడయ్యాడు. ఆ మరుసటేడు అక్కకి మొగుడయ్యాడు. ఇప్పుడు కన్నతల్లి కూడా రేసు కాగానే ఫోన్ చేసి, "అల్లుడుగారు గెలిచారా?" అనే అడుగుతుంది. "నువ్వు?" అని అడిగిన పాపాన పోలేదు.

"నిన్నే సహాయకుడిగా ఎందుకు పెట్టానో తెలుసా? మీ ఇద్దరి కాళ్ళ కొలతా ఒకటే. నీ సైకిలు అతనికి అతికినట్టు సరిపోతుంది," అని కోచ్ ఓసారి నవ్వుతూ చెప్పాడు. ఆ మాటకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నెల కిందట కంపెనీ పంపిన కొత్త సైకిలు కూడా బావకే ఇచ్చారు. చూడ్డానికి అతని పాతదీ అదీ ఒకేలా ఉంటాయి, నంబరే తేడా. అయినా కొత్తది కొత్తదేగా!

ఇవాళ మాత్రం కొండెక్కుతుంటే తన సైకిలు ఎన్నడూ లేనంత తేలిగ్గా నడిచింది. పీడ విరగడవుతోందన్న హుషారు కాబోలు అనుకున్నాడు.

ఆ హుషారంతా ఇప్పుడు చెమటై కారుతోంది.

కారొచ్చి ఆగింది. మెకానిక్ దూకి, చకచకా చక్రం మార్చేశాడు.

"వేరే సైకిలుందా?" అడిగాడు అతను.

"కొత్త సైకిలు చేతికొస్తే వేరేది కావాలా నీకు?" కోచ్ కసురుకున్నాడు. మెకానిక్ ఎందుకో ముసిముసిగా నవ్వి, తల తిప్పుకున్నాడు.

"ఏమైనా తేడాగా ఉందా? చూడమంటావా బాబూ?" అంటూ బ్రేకు మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"ఏం లేదు, ఏం లేదు!" అతను గబుక్కున ఎక్కేశాడు.

ఆగిపోదామంటే మెకానిక్ చెయ్యి ముందు ఆ తీగల మీదే పడుతుంది. నోరు విప్పితే జైలు. విప్పకపోతే లోయ.

శిఖరం దాటాడు. ఇక దిగుడు. ఏడు కిలోమీటర్లు. ఒక పక్క నిలువు రాయి, ఇంకో పక్క నడుమెత్తు రెయిలింగ్, దాని కింద ఏమీ లేదు. వెనక కోచ్ కారు తరుముకొస్తోంది.

రెండు వేళ్ళతో బ్రేకుని తాకీ తాకనట్టు తాకుతూ, బూటు రోడ్డుకి రాస్తూ మొదటి మలుపు గట్టెక్కాడు. రెండోది కూడా.

"పెళ్ళి నడకలు నడుస్తున్నావేంట్రా! అతనక్కడ ఒంటరిగా ఉన్నాడు, వెళ్ళి కలువు!"

ఏడుపొచ్చింది. చచ్చిపోతానన్న భయం మొదటిసారి ఎముకల్లోకి దిగింది. బావకి పట్టాల్సిన గతి తనకే పట్టింది. మూడో మలుపు. నాలుగు.

చెవిలో కోచ్ గొంతు ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఐదో మలుపు తిరగ్గానే రోడ్డుకి అడ్డంగా జనం. ఆలోచించే వ్యవధి లేదు. కళ్ళు మూసుకుని రెండు చేతులా బలంకొద్దీ నొక్కేశాడు.

సైకిలు కీచుమని నిలబడింది.

కళ్ళు తెరిచాడు. బ్రేకులు పట్టాయి! తీగలు సరిగా అరగలేదన్నమాట. తను బతికాడు, బావా బతికాడు. అక్క మొహం గుర్తొచ్చి భోరుమన్నాడు. ఇంకెప్పుడూ ఇలాంటి పాడు పని చెయ్యనని ఒట్టు పెట్టుకున్నాడు.

అప్పుడు చూశాడు. జనమంతా విరిగిన రెయిలింగ్ దగ్గర నిలబడి కిందికి చూస్తున్నారు.

"బ్రేకులు పడట్లేదని అరుస్తూనే వెళ్ళిపోయాడు పాపం," అంటున్నాడు జెండా పట్టుకున్న మనిషి.

మెకానిక్ కారు దిగి పరుగెత్తాడు. లోయలోకి తొంగి చూసి, అక్కడే కూలబడి తల బాదుకున్నాడు.

"బ్రేకులు పడకపోవడమేంటి? బావ తీసుకెళ్ళింది నా సైకిలు కదా!" అతను మెకానిక్ భుజాలు పట్టుకుని ఊపేశాడు.

"నీది కాదు బాబూ, 'కొత్తది మా బామ్మర్దికివ్వు, నేను పాతదాని మీద వెళ్తాను, చెబితే వాడు తీసుకోడు' అని మీ బావ నిన్న సాయంత్రమే నా చేత రెండిటి నంబర్లూ మార్పించాడు."