మడమ కింద ఎత్తు

"ఈ బూట్లు నాకు పడవు సార్. మడమ కింద ఎత్తుగా ఉంది," అంది ఏంజెల్.

"నీకోసమే చేసినవి," అన్నాడు గిరిధర్. అతను రాయపూర్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో క్రీడాకారుల బూట్ల మీద పరిశోధన చేస్తున్నాడు. "మొదట ఇచ్చిన జతలో సెన్సర్ పెట్టి ఆరు వారాలు చూశాం. నీ బరువు మడమ మీద పడుతోంది. మోకాలు దెబ్బతినకుండా అక్కడ పన్నెండు మిల్లీమీటర్లు లేపాం."

"నేను మునివేళ్ల మీద పరుగెత్తుతాను సార్."

"నువ్వలా అనుకుంటున్నావు. సెన్సర్ అబద్ధం చెబుతుందా?"

ఐదు వేల మీటర్ల ట్రయల్‌కి ఇంకా పది నిమిషాలుంది. మొదట వచ్చే అమ్మాయికి క్రీడా కోటాలో రైల్వే ఉద్యోగం. ఏంజెల్‌కి వచ్చే నెల వయసు దాటిపోతుంది.

"కోచ్ సాబ్, నా పాతవి బ్యాగులో ఉన్నాయి. అవేసుకుంటా."

"అరే, పగిలిన సోల్‌తోనా?" అన్నాడు కోచ్ పరదేశి. "చదువుకున్నోళ్లు అంత మెహనత్ చేసి ఇస్తే నఖ్రాలేంటి? చల్, లైన్‌లో నిలబడు."

ఏంజెల్ వెళ్లి నిలబడింది.

ఎనిమిది రౌండ్ల దాకా ఆమే ముందుంది. తొమ్మిదో రౌండు మలుపులో కుడి మడమ పక్కకు ఒరిగింది. పడింది. లేచి రెండడుగులు వేసి మళ్లీ పడింది. మిగిలినవాళ్లు ఆమెను దాటి వెళ్లిపోయారు.

ఆమె తల్లి మరియమ్మ దేవేంద్ర నగర్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సు. ట్రయల్ చూడటానికి రెండు గంటలు పర్మిషన్ తీసుకుని యూనిఫారంతోనే వచ్చింది. నేల మీద కూర్చుని కూతురి బూటు విప్పింది. వాచిన చీలమండను వేళ్లతో నొక్కి చూసింది.

"లిగమెంట్ తెగినట్టుంది. మూడు నెలలు మంచమే."

"మమ్మీ, నౌకరీ పోయింది," అంది ఏంజెల్.

గిరిధర్ ల్యాప్‌టాప్ తెచ్చి మరియమ్మ ముందు పెట్టాడు.

"మా లెక్కలో తప్పు లేదమ్మా, చూడండి. రోజుకు ఇరవై రెండు వేల అడుగులు. ఈ బ్యాచ్‌లో ఇంత శ్రద్ధగా ఎవరూ వేసుకోలేదు. వందకు డెబ్భై అడుగులు మడమ మీదే. ఇవాళ మీ అమ్మాయే పరుగు మార్చింది. రిపోర్టులో అలాగే రాస్తాను."

గెలిచిన అమ్మాయి పేరు మైకులో చదివారు. ఏంజెల్ అటు చూడలేదు.

మరియమ్మ కొత్త బూటును చేతిలో తిప్పి చూసింది. మడమ దగ్గర బొటనవేలితో నొక్కింది.

"ఇవి కూడా ముందే ఇచ్చుండాల్సింది బాబూ," అంది. "మొదటి జత కరుస్తోందని ఇది ఏడిస్తే, రోజూ పొద్దున ప్రాక్టీసు చేసొచ్చి పడుకోగానే, దీనికి తెలీకుండా ఆరు వారాలూ నేనే డ్యూటీకి వేసుకెళ్లి మెత్తబరిచాను."