రెండు వందల పదమూడో పుస్తకం

కైరోలో థీసిస్‌లు బైండు చేసే షుక్రీకి ముప్పై ఏళ్లలో లెక్క తప్పింది లేదు. ఆ రాత్రి తన కొట్లో, పరిశోధన విద్యార్థిని నహ్లా ల్యాప్‌టాప్‌లో ఆధార గ్రంథాల జాబితా కట్టే సాఫ్ట్‌వేర్ పెట్టి, ఆమె చదివిన రెండు వందల పన్నెండు పుస్తకాల పేర్లూ ఎక్కించాడు. తెర మీద రెండు వందల పదమూడు కనిపించాయి.

"చివరిది నువ్వెక్కించావా అమ్మాయ్?"

ఆ పేరు చూసి నహ్లా తెర దగ్గరికి వంగింది. "మూడేళ్లుగా దీనికోసమే తిరుగుతున్నా బాబాయ్. అలాంటి పుస్తకమే లేదని మాస్టార్లు నవ్వారు. రేపు చూపించకపోతే నా థీసిస్ గంగలో కలిసినట్టే."

"ఎక్కడుందంట?"

"షుక్రీ కొట్టు, బైండింగ్ ప్రెస్‌లో," నహ్లా తెర మీద ఉన్నది చదివింది.

"పిచ్చిపిల్లా, సాయంత్రం దాన్ని ఖాళీ చేసి తుడిచింది నేనేగా!"

వెనక చీకట్లో, పుస్తకాలను అదిమిపెట్టే ప్రెస్ మర కిర్రుమంటూ ఇంకో చుట్టు బిగిసింది. తడి జిగురు వాసన కొట్టంతా నిండింది.

షుక్రీ చెప్పులు విడిచి, బిస్మిల్లా అంటూ అటు నడిచాడు.