పగ ఖర్చు

"బిల్లు ఎవరి పేరున రాయమంటావు పెద్దాయనా?"

భోజనశాల నడిపే జోయ్లా అలా అడగ్గానే, మూల బల్ల దగ్గర బంగాళదుంప సూపు తాగుతున్న ముసలాయన తలెత్తాడు. ఎదుటి బల్ల దగ్గరున్న తెల్మోని చూపించాడు.

"ఆయన పేరున రాయమ్మా. నాకు పన్నూ లేదు, గిన్నూ లేదు."

చెప్పుల కొట్టు తెల్మో మొహం వెలిగిపోయింది.

అంబాటో ఊళ్ళో పన్ను కట్టేవాళ్ళంతా అంతే. తిండి, బట్టలు, మందుల బిల్లులు తమ గుర్తింపు కార్డు నంబరు మీద ఉంటే ఏడాది చివర పన్ను కాస్త తగ్గుతుంది. అందుకే పక్కవాడు తిన్నదాని బిల్లు కూడా సిగ్గుపడకుండా అడిగి పుచ్చుకుంటారు. అడక్కుండా ఇచ్చేవాడు మాత్రం ఎక్కడో గాని దొరకడు.

ఈ ముసలాయన రోజూ ఇస్తూ వచ్చాడు. మందులు కొన్నా, చొక్కా కొన్నా తెల్మో పేరే. కార్డు నంబరు కంఠతా పట్టేశాడు కూడా.

ఆయన పేరేమిటని తెల్మో ఒక్కసారైనా అడగలేదు. బిల్లు వస్తుంటే పేరుతో పనేముంది?

"మహానుభావుడివయ్యా," అన్నాడు ఒకరోజు. "కానీ ఈ సూపు బిల్లులు ఏ మూలకి? నా అసలు ఖర్చుకి తగ్గింపు ఇస్తే ఈ ప్రభుత్వానికి రోజూ దండం పెడతాను."

"ఏమిటా ఖర్చు?"

"పగ."

జోయ్లా గరిటె పట్టుకునే నవ్వింది. "మొదలెట్టాడు! చెప్పు, కొవ్వొత్తుల సంగతి కూడా చెప్పు."

"నవ్వక్కా, నవ్వు. ఆ అబ్దోన్ కైసా గాణ్ణి వెతకడానికి ఊరూరా బస్సు చార్జీలు. వాడు కుళ్ళి చావాలని నల్ల కొవ్వొత్తులు. కొండ మీద మంత్రగాడికి కోడి, సారా. కత్తికి సాన. ఒక్కదానికైనా తగ్గింపు ఉందా? మనిషికి సూపు మాత్రమే అవసరమా?"

ముసలాయన చెంచా కింద పెట్టాడు. "ఎవరా అబ్దోన్?"

"బస్సు డ్రైవరు. మా తమ్ముడు లిసాంద్రో ఆ బస్సుకే కండక్టరు. ఆ డ్రైవరు కొత్తగా చేరాడట, మా ఇంట్లో ఎవరం వాడి మొహం ఎరగం. వానలో బస్సుని లోయలో పడేశాడు. ఖాళీ బస్సు, ఉన్నది వాళ్ళిద్దరే. మావాడు పోయాడు. వాడు పారిపోయాడు."

తెల్మో కుర్చీ ఆయన బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"బంగారం లాంటి పిల్లాడయ్యా. డ్రైవరు కాఫీకి దిగితే చాలు, ఎక్కి ఆ సీట్లో కూర్చునేవాడు. బతికుంటే ఈపాటికి సొంత బస్సు కొనేవాడు. మా అమ్మకి చూపు ఆనదు. వాడి ఫోటో తడుముతూ, నీ తప్పేం లేదురా నాయనా అంటుంది. ఆ మాట మీదే బతుకుతోంది."

"ఆ డ్రైవరు దొరికితే ఏం అడుగుతావు?"

"ఏమీ అడగను. అడిగితే ఏదో చెప్తాడు. చెప్తే వినాలి. వింటే చెయ్యి ఆగుతుంది."

ముసలాయన గిన్నె పక్కకి జరిపాడు.

"ఆ డబ్బుతో మీ అమ్మకి కంటి ఆపరేషన్ చేయించు బాబూ," అన్నాడు. "కొవ్వొత్తులు మానెయ్."

తెల్మోకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"వాణ్ణి వెనకేసుకొస్తావా? నీ తమ్ముడు పోయుంటే తెలిసేది నీకు!"

గిన్నె ఎత్తి సూపంతా ఆయన ఒళ్ళో కుమ్మరించాడు.

తింటున్నవాళ్ళంతా నోళ్ళు తెరిచి చూశారు. ముసలాయన చొక్కా తుడుచుకుని, ఒలికిన సూపుకి కూడా తనే డబ్బిచ్చాడు.

"బిల్లు?" అంది జోయ్లా మెల్లగా.

"ఆయన పేరునే అమ్మా."

మర్నాటి నుంచి ఆయన రాలేదు. తెల్మోకి చీమ కుట్టినట్టైనా లేదు. కత్తి ఇంకోసారి సాన పట్టించాడు.

నెల తిరక్కుండా జోయ్లా చెప్పుల కొట్టుకి పరుగెత్తుకొచ్చింది.

"ముసలాయన పోయాడు తెల్మో. శవపెట్టె మొయ్యడానికి ముగ్గురే ఉన్నారు. నువ్వొస్తే నలుగురవుతారు."

"నేనా? నేనెందుకు?"

"ఆయన మందుల బిల్లులు పుచ్చుకున్నప్పుడు 'నేనెందుకు' అనలేదేం?"

తెల్మో కొట్టు తలుపు వేశాడు. సణుక్కుంటూనే వెళ్ళాడు. ఆయాసపడుతూ, భుజం మార్చుకుంటూ శ్మశానం దాకా మోశాడు.

పెట్టె గుంటలోకి దించారు. ఫాదర్ పవిత్రజలం చిలకరించి ప్రార్థన మొదలుపెట్టాడు.

"ప్రభువా, నీ బిడ్డ అబ్దోన్ కైసాకి శాంతి ప్రసాదించు."

తెల్మోకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు భగ్గుమంది.

ఊరూరా వెతికిన శత్రువు రోజూ ఎదురుగా కూర్చుని సూపు తాగాడు. ఒక్క దెబ్బైనా తినకుండా హాయిగా పోయాడు. పైగా వాణ్ణి తనే భుజాన మోసుకొచ్చాడు!

"దొంగ వెధవా! నా తమ్ముడి ప్రాణానికి బిల్లులతో సరిపెడదామనుకున్నావా?"

వంగి పెద్ద రాయి అందుకున్నాడు. కత్తికి దొరకనివాడు కనీసం రాయికైనా దొరకాలి. పెట్టె మూత పగలాలి, ఆ మొహం చితకాలి.

జోయ్లా అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వదులక్కా!"

"పోయే ముందు నాతో ఒక మాట చెప్పాడు. మీ అమ్మ బతికుండగా నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. కానీ నువ్వు ఆ రాయి విసిరితే జన్మంతా కుమిలిపోతావు."

"ఏం చెప్పాడు?"

"తెల్మో, ఆ రోజు డ్రైవరు సీట్లో ఉన్నది మీ లిసాంద్రోనే. 'మా అమ్మకి మాత్రం చెప్పకు అన్నా' అని వాడు పోతూ బతిమాలితే, ఈయన ఆ నేరం తన నెత్తిన వేసుకుని పారిపోయాడు."