కుసుమను చూడ్డానికొచ్చినవాళ్ళు

పెళ్ళివారు సాయంత్రం వస్తామన్నారు. ఆటో మధ్యాహ్నమే వచ్చి క్వార్టరు ముందు ఆగింది. బజ్జీల పిండి ఇంకా కలపలేదు. తండ్రి వాసుదేవరావు బనీను మీదున్నాడు. పెళ్ళికూతురు కుసుమ కుడిచెవి ఇంకా బయటికే కనిపిస్తోంది.

ఆ చెవితోనే పెద్ద చిక్కు. రగ్బీలో నలిగి నలిగి పకోడీలా తయారైంది.

రగ్బీ అంటే కోడిగుడ్డులాంటి బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తడం. పరిగెత్తినదాన్ని అవతలివాళ్ళు పడదోసి మీద పడతారు. తొంభైల్లో భిలాయి ఆడపిల్లలకి ఈ పిచ్చి అంటించింది ఉక్కు ప్లాంటులో పనిచేసే జార్జి మాస్టారు. నాలుగేళ్ళుగా కుసుమ సెక్టారు గ్రౌండులోనూ, మ్యాచిలుంటే పక్కనున్న దుర్గ్‌లోనూ పడి లేస్తోంది. ఈ ఆట మీదే బతకాలని ఆ పిల్ల కోరిక.

"దెబ్బలు తిని బతుకుతావేటే?" అంటుంది తల్లి నూకాలమ్మ.

ఈ సంబంధం కుదిరితే ఆట బంద్ అని తండ్రి తేల్చేశాడు. అబ్బాయి ఖరగ్‌పూర్‌లో రైల్వే గార్డు. మధ్యవర్తి మాటే తప్ప ఆ ఇంటివాళ్ళని వీళ్ళెవరూ చూసింది లేదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కనక నూకాలమ్మ పొద్దుటినుంచీ అబద్ధాలు సర్దుతోంది. చెవి మీదికి మాటీలు, పూలు. మోకాలి కట్టు మీదికి చీర. కట్టుడు పన్ను జారకుండా నోరు తెరవొద్దని ఆజ్ఞ.

"అచ్ఛా" అంది కుసుమ. లోపల మాత్రం ఒక్క అబద్ధాన్నీ నిలబడనివ్వకూడదని ఒట్టు పెట్టుకుంది. వచ్చినవాళ్ళే దండం పెట్టి పారిపోవాలి.

వచ్చింది ఇద్దరాడవాళ్ళు, ఒక మగాయన. దుర్గ్‌లో హౌరా బండి దిగి, సుపేలా బజారులో దారడుగుతూ వచ్చారట. పెద్దావిడ తెలుగులో బెంగాలీ యాస ఉంది. మనిషి బీరువాలా ఉంది.

"అమ్మాయిని మొన్న దుర్గ్‌లో దూరంనించి చూశాం. దగ్గరగా చూసి మాట్లాడదామని వచ్చాం," అందావిడ.

కుసుమ కాఫీలు తెచ్చింది. కావాలనే కుంటుతూ తెచ్చింది.

"మోకాలికేమయిందమ్మా?"

నూకాలమ్మ మెట్ల కథ ఎత్తుకునేలోపే, "రగ్బీలో పోయింది ఆంటీజీ," అనేసింది కుసుమ.

బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర ఇరవయ్యేళ్ళు పనిచేసినా వాసుదేవరావుకి అంత చెమట ఎప్పుడూ పట్టలేదు.

"తెలుసులే. ఇప్పుడు నొప్పుందా?" పెద్దావిడ తాపీగా అడిగింది.

ఈ జవాబు కుసుమకి నచ్చలేదు. పూలు తీసి చెవి చూపించింది. పెద్దావిడ దాన్ని వేలితో తడిమి, మగాయనకేసి చూసి తలూపింది. కుసుమ కట్టుడు పన్ను ఊడదీసి సాసర్లో పెట్టింది.

"నాది ఒకటే పోయింది. నా తలకాయ తగిలి ఇంకో అమ్మాయివి రెండు పోయాయి."

"రెండూ ఒకేసారా?" అంది చిన్నావిడ, ముచ్చటపడిపోతూ.

"బరువెంతమ్మా?" మగాయన అడిగాడు.

"డెబ్బయి రెండు కిలోలు. పొద్దున్నే ఆరు గుడ్లు తింటాను."

"ఇంకో రెండు తిన్నా ఫరవాలేదు."

నూకాలమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. పన్ను లేని పిల్లని ఇంత మురిపెంగా చూసే అత్తగారు భూమ్మీద ఎక్కడుంటుంది?

"మీరంతా కలిసే ఉంటారేటండీ?" అనడిగింది.

"పదిహేనుమందిమి, ఒకేచోట. కొట్టుకుంటాం, మళ్ళీ కలిసే తింటాం."

పదిహేనుమందికి రొట్టెలు ఒత్తుతూ ముసలిదైపోతున్నట్టు కుసుమ కళ్ళకి కట్టింది.

"మరి మీ కోరికలేటో చెప్తే..." నసిగాడు వాసుదేవరావు.

"ఏమీ వద్దండి. పిల్ల మాకు నచ్చింది. కట్టుబట్టలతో పంపండి చాలు. బట్టలు, బూట్లు అన్నీ మావే."

బూట్లెందుకో నూకాలమ్మకి అర్థం కాలేదు. రైల్వేవాళ్ళు కదా, ఇంట్లోనూ బూట్లతోనే తిరుగుతారు కాబోలనుకుంది.

కుసుమ వంటింట్లోకి పోయి, బియ్యం డబ్బా వెనక దాచిన బంతిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఉన్న అవకరాలన్నీ చూపించినా వదలనివాళ్ళకి ఇంకేం చూపించగలదు? ఇంక ఈ జన్మకి గ్రౌండు లేదు.

ముందుగదిలో వాసుదేవరావు చేతులు జోడించాడు.

"చాలా సంతోషమండీ. మరి అబ్బాయి ఎప్పుడొచ్చి చూస్తాడు?"

పెద్దావిడ కాఫీ కప్పు కింద పెట్టి, తక్కిన ఇద్దరికేసీ అయోమయంగా చూసింది.

"అబ్బాయేంటండీ, మాది జీతాలిచ్చి ఆడించే ఆడపిల్లల రగ్బీ జట్టు కదా?"