పాప తిప్పిన నాబ్

"అందరూ సౌండ్ పెంచమని వస్తారు. మీరేంటి సార్, తగ్గించమంటారు?" అని నవ్వాడు మెకానిక్.

బాస్ గిటార్ వాయించే ఆయన నవ్వలేదు. "పెట్టెలో రెండు స్పీకర్లనీ సిరీస్‌లో కలుపు బాబూ, చాలు."

"ఇప్పుడు పారలల్‌లో నాలుగు ఓములున్నాయి. సిరీస్‌లో పెడితే పదహారు. ఆంప్‌లో ఉన్న దమ్ము సగం కూడా బయటికి రాదు. దాని బదులు ఈ వాల్యూమ్ నాబ్ కాస్త వెనక్కి తిప్పుకుంటే పోలా?"

చివరిదాకా తిప్పి ఉన్న నాబ్ మీదికి చెయ్యి పోనిచ్చాడు. ఆయన చప్పున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. ఆ పొద్దున అల్లరిగా అలా తిప్పేసి బడికి పరిగెత్తింది మా పాప. మళ్లీ ఇంటికి రాలేదు. ఇన్నాళ్లకి వాళ్లమ్మ మెల్లగా ఏదైనా వాయించమంటోంది. నాబ్ మాత్రం పాప వదిలిన చోటే ఉండాలంటోంది."